రాజీ కాగితం మీద వేలిముద్ర పెట్టే ముందు ఒక్కసారి లెక్క చూడండి



రోడ్డు ప్రమాదం అనంగనే మనకు బండి మీద పోయేటోళ్లు, కారుల పోయేటోళ్లు గుర్తొస్తరు. నడిచి పోయేటోళ్లు గుర్తురారు. కానీ మన తండాల్లో, గూడేల్లో, ఎరుకల వాడల్లో ఎక్కువ మంది నడిచేటోళ్లే. పొద్దు పొడవకముందే సద్ది కట్టుకొని కూలి ఆటో కోసం మెయిన్ రోడ్డు దాకా నడిచే ఆడోళ్లు, మేకలను రోడ్డు దాటించే ముసలోళ్లు, బస్సు కోసం రోడ్డు అంచున నిలబడే హాస్టల్ పిల్లలు. సూర్యాపేట, కోదాడ మీదుంగ 65వ నంబరు జాతీయ రహదారి పోతది. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుంగ మిర్యాలగూడకు ఇంకో రహదారి. వడ్ల సీజన్ల మిర్యాలగూడ రైస్ మిల్లులకు పోయే ట్రాక్టర్లు, లారీలు, మేళ్లచెర్వు, మఠంపల్లి దిక్కు సిమెంటు లారీలు. సగం రోడ్డు మీద వడ్లు ఎండపోసి ఉంటయి, మిగిలిన సగంల బండ్లు పోతయి. నడిచేటోడు ఎక్కడ నడవాలె?

2022ల మన దేశంల రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయిండ్రని కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్తది. అండ్ల 32,825 మంది పాదచారులు. అంటే చనిపోయిన ప్రతి అయిదుగురిల ఒకరు దాదాపు నడుచుకుంట పోయేటోళ్లే. ఇది చావుల లెక్క మాత్రమే. కాలు విరిగి, నడుం పడిపోయి, మంచంల ఉన్నోళ్లు ఈ 32,825ల లేరు. ఈ వ్యాసం వాళ్ల గురించి.

మన దిక్కు ఏం జరుగుతదో అందరికీ తెలుసు. బండి గుద్దుతది. దవాఖానల పడేస్తరు. రెండో రోజో, మూడో రోజో బండి ఓనర్ తరఫున ఒకరిద్దరు వస్తరు. తండా నాయక్, కార్భారి, ఊరి పెద్దమనుషులు కూసుంటరు. "కేసు పెడితే ఏమొస్తది? కోర్టుల చుట్టూ తిరగాలె. ఓనర్ మంచోడు, ఇస్తనంటుండు" అంటరు. ముప్పై వేలో, యాభై వేలో మాట్లాడుతరు. తెల్లకాగితం మీద "మాకు ఇంక ఎలాంటి అభ్యంతరం లేదు, కేసు అవసరం లేదు" అని రాసి వేలిముద్ర తీసుకుంటరు. ఆ పైసలు ఆపరేషన్‌కే సరిపోవు. ఆరు నెలలకు చూస్తే ఆ అక్క నాట్లకు పోలేదు, వంగి కలుపు తీయలేదు, ఇంట్ల అప్పు మాత్రం పెరిగింది.

పెద్దమనుషులను తిట్టుడు మన ఉద్దేశం కాదు. వాళ్లల్ల చాలా మంది మంచి మనసుతోనే మాట్లాడుతరు. కానీ పంచాయితీల ఎవ్వరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ కాలు విలువ ఎంత? అది చట్టం ఎట్ల లెక్క కడతదో మనకు తెలిస్తేనే, ముందు పెట్టిన యాభై వేలు ఎక్కువో తక్కువో తెలుస్తది. లెక్క తెలియకుండ చేసే రాజీని రాజీ అనలేం, అది మోసపోవుడే.

ఇగ లెక్క చూద్దాం. ఉదాహరణకు 38 ఏండ్ల కైకిలి అక్క అనుకోండి. రోజు కూలి 400, నెలకు 25 రోజులు పని. నెలకు 10,000, ఏడాదికి 1,20,000. సుప్రీంకోర్టు 2017ల ప్రణయ్ సేథీ కేసుల చెప్పినదాని ప్రకారం, 40 ఏండ్ల లోపు ఉండి సొంతంగ సంపాదించుకునేటోళ్లకు భవిష్యత్తుల పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలె. గాయపడి బతికినోళ్లకు కూడా ఇది వర్తిస్తదని 2020ల పప్పు దేవ్ యాదవ్ కేసుల చెప్పింది. అప్పుడు ఏడాది ఆదాయం 1,68,000. ఆమె పని చేసే శక్తి 40 శాతం పోయిందని కోర్టు తేల్చిందనుకోండి. ఏడాదికి నష్టం 67,200. 36 నుంచి 40 ఏండ్ల వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం 15. అంటే 67,200ను 15తో గుణించాలె. 10,08,000. పది లక్షల ఎనిమిది వేలు!

ఇది పని శక్తి పోయినందుకు మాత్రమే. దవాఖాన ఖర్చు, మందులు, తిరిగిన ఆటో కిరాయిలు, బలమైన తిండి ఖర్చు, మంచంల ఉన్నన్ని రోజుల కూలి, ముందు ముందు చేయించుకోవాల్సిన ఆపరేషన్, నొప్పి, బాధ, ఇదివరకు లెక్క బతకలేకపోవుడు, ఇవన్నీ వేరే. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి వడ్డీ కూడా కోర్టు వేయొచ్చు. ఇప్పుడు ఆ యాభై వేల కాగితాన్ని మళ్లోసారి చూడండి.

"మాది కూలి పని, జీతం కాగితం ఏడుంటది?" అని అడుగుతరు. దీనికి కూడా జవాబుంది. బెంగళూరుల ఒక కూలీ రామచంద్రప్ప ప్రమాదంల గాయపడి నెలకు 4,500 సంపాదిస్తనని చెప్పిండు. ట్రిబ్యునల్ 3,000కు తగ్గించింది. 2011ల సుప్రీంకోర్టు ఆ తగ్గింపు తప్పని, కూలి చేసుకునేటోడి దగ్గర ఆదాయం కాగితాలు ఉండవని, ఆయన చెప్పిన ఆదాయం న్యాయంగనే ఉన్నదని ఒప్పుకున్నది. ఇంట్ల పనే చేసుకునే ఆడోళ్ల శ్రమకు కూడా విలువ కట్టాలని 2021ల కీర్తి కేసుల చెప్పింది. కాబట్టి "ఆమెకు ఆదాయం లేదు కదా" అనే మాట చెల్లదు. కూలికి పిలిచే మేస్త్రీ సాక్ష్యం, ఉపాధి హామీ జాబ్ కార్డు, మహిళా సంఘం పొదుపు పుస్తకం, ఇవన్నీ ఆమె పనిచేసే మనిషని చూపెట్టేవే.

ఇంకొకటి గట్టిగ గుర్తుపెట్టుకోవాలె. డాక్టర్ రాసే వైకల్యం శాతం వేరు, పని శక్తి పోయిన శాతం వేరు. 2010ల రాజ్‌కుమార్ కేసుల సుప్రీంకోర్టు ఇది విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే ఆఫీసుల కూసొని రాసే గుమాస్తా ఉద్యోగం పోకపోవచ్చు, కానీ వడ్రంగికి, డ్రైవర్‌కు బతుకుదెరువే పోతది. గట్లనే మోకాలు వంగకపోతే కుర్చీల కూసునేటోనికి తక్కువ నష్టం, బురదల వంగి నాట్లేసే మనిషికి మొత్తం నష్టం. మన తరఫు వకీలు ఈ మాట కోర్టుల చెప్పకపోతే, డాక్టర్ రాసిన 25 శాతమే మన బతుకు మీద రాసినట్టయితది. సదరం సర్టిఫికెట్ పింఛన్‌కు పనికొస్తది, తీసుకోవాలె. కానీ పరిహారం కేసుల వైద్యం చేసిన డాక్టర్‌తోనో మెడికల్ బోర్డుతోనో సాక్ష్యం ఇప్పించుడు చాలా ముఖ్యం.

ఇప్పుడు అసలు భయం గురించి మాట్లాడుదాం. గుద్దిన ట్రాక్టర్ చాలాసార్లు మనకు పనిచ్చే ఆసామిదే ఉంటది. "ఆయన మీద కేసు పెడితే రేపు కూలికి ఎవరు పిలుస్తరు?" అని మనోళ్లు వెనక్కి తగ్గుతరు. ఇది ఉత్త భయం కాదు, నిజమైన భయమే. కానీ చట్టం ఎట్ల పనిచేస్తదో తెలిస్తే ఈ భయం సగం తగ్గుతది. రోడ్డు మీద తిరిగే ప్రతి బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాల్సిందే అని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెప్తది. ఆ థర్డ్ పార్టీ అంటే ఎవరో కాదు, రోడ్డు మీద నడుచుకుంట పోయే మనమే. ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం కట్టాల్సింది కంపెనీ, ఆసామి కాదు. ఆయన జేబులకెల్లి పైస పోదు. ఈ సంగతి ఆసామికి కూడా చెప్పాలె. "అయ్యా, నువ్వు మాకు యాభై వేలు ఇయ్యాల్సిన పని లేదు, నీ ఇన్సూరెన్స్ కాగితం ఇయ్యి, పోలీసులకు నిజం చెప్పు, చాలు" అంటే చాలా మంది ఒప్పుకుంటరు.

ఒప్పుకోనోడు ఎవరు? ఇన్సూరెన్స్ కట్టనోడు. డ్రైవర్‌కు లైసెన్స్ లేనోడు. తొందర తొందరగ పంచాయితీ పెట్టి పైసలు చేతుల పెట్టేది ఎక్కువగ వాళ్లే. ఎందుకంటే కేసయితే మొత్తం వాళ్ల నెత్తి మీద పడొచ్చు. అందుకే రాజీ మాట వచ్చినప్పుడు మన మొదటి ప్రశ్న ఎంత ఇస్తరని కాదు, ఇన్సూరెన్స్ ఉన్నదా అని. బండి నంబరు తెలిస్తే ఎం-పరివాహన్ యాప్‌ల కొట్టి చూస్తే ఇన్సూరెన్స్ ఎప్పటిదాక ఉన్నదో కనబడతది. తండాల స్మార్ట్‌ఫోన్ ఉన్న ఏ తమ్ముడైనా రెండు నిమిషాలల్ల చూడొచ్చు. లైసెన్స్ లేని డ్రైవర్ విషయంల కూడా, ముందు కంపెనీ బాధితుడికి కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు చాలా కేసుల్లో చెప్పినయి. 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు దీనికి మూలం. కాబట్టి "లైసెన్స్ లేదు, నీకేం రాదు" అనే మాట నమ్మొద్దు.

"నువ్వే అడ్డమొచ్చినవ్" అనే మాట ఇంకొకటి. ప్రతి పాదచారి కేసుల కంపెనీ వకీలు ఇదే పాట పాడతడు. దీనికి రెండు జవాబులున్నయి. ఒకటి, 164వ సెక్షన్. దీని కింద తప్పు ఎవరిదని నిరూపించాల్సిన పనే లేదు. చావుకు 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఎముక విరిగితే చట్టం దృష్టిల అది తీవ్ర గాయమే. రెండు, 166వ సెక్షన్. దీని కింద డ్రైవర్ నిర్లక్ష్యం చూపెట్టాలె, కానీ పరిహారానికి పైన హద్దు లేదు. ఈడ క్రిమినల్ కేసులెక్క అణువంత అనుమానం కూడా లేకుండ నిరూపించాల్సిన పని లేదు. ఏది జరిగే అవకాశం ఎక్కువో చూపిస్తే చాలని సుప్రీంకోర్టు 2009ల బిమలా దేవి కేసుల చెప్పింది.

ఈ రెండింటి మధ్య ఒక గుంత ఉన్నది, జాగ్రత్త. ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి దవాఖానకే వచ్చి "రెండున్నర లక్షలు వెంటనే ఇస్తం, సంతకం పెట్టు" అనొచ్చు. చట్టం ప్రకారం 164 కింద ఆ పైసలు ఒప్పుకొని తీసుకుంటే ట్రిబ్యునల్‌ల ఉన్న మన పెద్ద కేసు అక్కడితో రద్దయితది. చిన్న గాయానికి అది మంచి మొత్తమే కావొచ్చు. కానీ పైన చెప్పిన అక్కలెక్క జీవితాంతం పని శక్తి పోయినోళ్లు రెండున్నర లక్షలకు సంతకం పెడితే పది లక్షల హక్కు పోయినట్టే. సంతకానికి ముందు వకీలును అడుగుడు తప్పనిసరి.

బండి ఆగకుండ పోయిందా? నంబరు కూడా చూడలేదా? జాతీయ రహదారి మీద రాత్రిపూట జరిగే ప్రమాదాల్లో ఇది మామూలే. అప్పుడు మనోళ్లు ఇగ ఏం రాదనుకొని వదిలేస్తరు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం ప్రకారం, గుద్ది పారిపోయిన కేసుల్లో చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50,000 ఇయ్యాలె. అంతకుముందు ఇది 25,000, 12,500 మాత్రమే ఉండె. దరఖాస్తు ఆర్డీవో, తహసీల్దార్ స్థాయి రెవెన్యూ అధికారికి పెట్టాలె, మంజూరు చేసేది కలెక్టర్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్ల ఆర్డీవో ఆఫీసులున్నయి. హైదరాబాద్ పోవాల్సిన పనే లేదు.

మరి ఎంత మంది తీసుకుంటుండ్రు? 2024 జనవరి 12న రాజశేఖరన్ కేసుల సుప్రీంకోర్టు ముందు పెట్టిన లెక్కలు చూస్తే గుండె చెరువైతది. 2022ల దేశం మొత్తం 67,387 గుద్ది పారిపోయిన ప్రమాదాలు. 2022-23ల వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కారమైనవి 95. ఖజానాల పైసలు లేక కాదు, జనానికి చెప్పేటోడు లేక. అందుకే ఆ రోజు కోర్టు ఒక ఆదేశమిచ్చింది: ప్రమాదం నమోదైన నెల రోజుల్లోపల బండి వివరాలు దొరకకపోతే, ఈ పథకం కింద పరిహారం అడగొచ్చని పోలీసులే బాధితులకు రాతపూర్వకంగ చెప్పాలె. మన తండాల్లో ఎవరికన్నా అట్లాంటి కాగితం వచ్చిందా? ఈ పోస్టు చదివే ప్రతి ఒక్కరూ తమ ఊళ్లె అడగండి.

పోలీసుల బాధ్యత ఇంకా ఉన్నది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త రూల్స్ ప్రకారం, ప్రమాదం జరిగిన 48 గంటల్ల మొదటి ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కు, ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలె. 10 రోజుల్ల బాధితుడి హక్కులేందో రాసి ఉన్న ఫారం-2 బాధితుడి చేతికియ్యాలె. 50 రోజుల్ల మధ్యంతర నివేదిక, 90 రోజుల్ల పూర్తి నివేదిక. ఆ పూర్తి నివేదికనే ట్రిబ్యునల్ పరిహార దరఖాస్తుగ తీసుకోవచ్చు. ఇవి మనం బతిమాలి అడుక్కునేవి కావు, వాళ్ల డ్యూటీ. స్టేషన్‌కు పోయినప్పుడు "సార్, ఫారం-2 ఇయ్యుండ్రి" అని అడిగితే, ఈ పిల్లగానికి చట్టం తెలుసు అని అవతలోళ్లకు అర్థమైతది. ఆ ఒక్క మాటతోనే సగం పని అయితది.

గడువు సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు ట్రిబ్యునల్‌ల దరఖాస్తు పెట్టాలని చట్టం మారింది. ఇది అన్యాయమని సుప్రీంకోర్టుల కేసులు నడుస్తున్నయి. 2025 నవంబరుల, ఆ కేసులు తేలేదాక గడువు దాటిందనే కారణంతో దరఖాస్తులు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ఆరు నెలలు దాటినోళ్లు ఆశ వదులుకోవద్దు, వెంటనే వకీలును కలవండి. కానీ కొత్త కేసులను మాత్రం ఆరు నెలల లోపలే వేయాలె. తుది తీర్పు ఎట్లొస్తదో అనే దాని మీద మన బతుకు పెట్టొద్దు.

కేసు ఎక్కడ వేయాలె? ప్రమాదం జరిగిన చోట, లేదా బాధితుడు ఉండే చోట. లారీ విజయవాడదైనా, ముంబైదైనా, మనం మన జిల్లాలనే వేసుకోవచ్చు. 2022 జూన్ 2 నుంచి కొత్త జిల్లాలన్నిటికీ జిల్లా కోర్టులు వచ్చినయి, సూర్యాపేటకు కూడా వచ్చింది. మిర్యాలగూడ దిక్కోళ్లది నల్లగొండ జిల్లా.

వకీలు ఫీజు? ఇది అందరికీ తెలియాల్సిన సంగతి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు, ఎస్సీలకు, ఆడోళ్లకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండ ఉచితంగ వకీలును ఇయ్యాలె. కోర్టు ఫీజు కూడా పడదు. కుల సర్టిఫికెట్ పట్టుకొని జిల్లా న్యాయసేవాధికార సంస్థకో, దగ్గర్ల ఉన్న కోర్టుల మండల న్యాయసేవా కమిటీకో పోతే చాలు. ఫోన్ చేయాలంటే 15100. దవాఖానల చుట్టూ తిరిగే ఏజెంట్లు "మా వకీలు ఉన్నడు, వచ్చిన దాంట్ల సగం నీకు, సగం మాకు" అంటరు. పరిహారంల వాటా మాట్లాడుకునుడు వకీళ్లకు బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారమే నిషేధం. ఏజెంటుకు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టుడు, ఒరిజినల్ దవాఖాన కాగితాలు ఇచ్చుడు, బ్యాంకు పాసుబుక్కు, ఏటీఎం కార్డు అప్పజెప్పుడు, ఈ మూడూ ఎట్టి పరిస్థితుల్ల చేయొద్దు.

"కోర్టుల ఏండ్లు పడతది, ఇయ్యాల దవాఖాన బిల్లు ఎవరు కడతరు?" అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి మేం తప్పించుకునే జవాబు చెప్పం. కేసుకు టైం పడతది. కానీ ఇయ్యాలటి అవసరానికి కూడా కొన్ని దారులున్నయి. 2025 మేల కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తింపు పొందిన దవాఖానల ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాక లక్షన్నర రూపాయల వైద్యం ఉచితంగ చేయాలె. దవాఖానల చేర్పించేటప్పుడే ఈ పథకం పేరు చెప్పి అడగాలె. రెండోది, బండి ఓనర్ మనసున్నోడై వైద్యానికి పైసలిస్తే తీసుకోవచ్చు, తప్పు లేదు. కానీ కాగితం మీద "వైద్య ఖర్చుల కోసం ఇచ్చిన సాయం" అని మాత్రమే రాయాలె. "పూర్తి పరిహారం ముట్టింది, కేసు వద్దు" అనే వాక్యం ఉంటే వేలిముద్ర పెట్టొద్దు. అట్లనే లోక్ అదాలత్‌ల రాజీ కుదుర్చుకుంటే దాని మీద అప్పీల్ ఉండదు. లోక్ అదాలత్ మంచిదే, తొందరగ పైసలొస్తయి. కానీ మన లెక్క మనం వేసుకొని పోవాలె, అవతలోళ్లు వేసిన లెక్కకు తలూపొద్దు.

పట్టా భూమి ఉన్న రైతు చనిపోతే రైతు బీమా వస్తది. పట్టా లేని కూలీకి అది లేదు. కాలు విరిగిన కూలీకి అసలే లేదు. అందుకే ఈ చట్టమే భూమిలేని గిరిజనుడికి మిగిలిన రక్షణ. పైసలు 20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా తండాల ప్రతి ఒక్కరికి చేయించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంల చనిపోతే 2 లక్షలు.

పరిహారం ఒక దిక్కు. అసలు గుద్దకుండ చూసుడు ఇంకో దిక్కు. మన కండ్ల ముందే ఒక ఉదాహరణ ఉన్నది. రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర వస్తది. లక్షల మంది నడిచే ఆ నాలుగైదు రోజులు హైదరాబాద్–విజయవాడ బండ్లను కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, నల్లగొండ మీదుంగ మళ్లిస్తరు. అంటే నడిచేటోళ్ల కోసం జాతీయ రహదారినే పక్కకు జరపడం సర్కారుకు చేతనైతది. జాతర రోజులు అయిపోయినంక అదే దురాజ్‌పల్లి కాడ, ముకుందాపురం కాడ, కొమరబండ కాడ, రామాపురం క్రాస్ రోడ్డు కాడ దాటేటోళ్ల ప్రాణాలు ఎవరు చూడాలె? ఇవన్నీ తరచు ప్రమాదాలు జరిగే బ్లాక్ స్పాట్లుగ అధికారులు గుర్తించినవే. సురక్షితమైన ఫుట్‌పాత్ పాదచారి హక్కు, అది రాజ్యాంగం 21వ అధికరణం కిందనే వస్తదని 2025 మేల సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు హైదరాబాద్ ఫుట్‌పాత్‌లకే కాదు, తండా తొవ్వ హైవేను కలిసే చోటుకు కూడా ఉండాలె. రోడ్డు డిజైన్ల తప్పు చేసిన కాంట్రాక్టరుకు, అధికారికి జరిమానా వేసే 198ఎ సెక్షన్ చట్టంల ఉన్నది. దాన్ని వాడమని అడగాలె.

కాబట్టి మన డిమాండ్లు సూటిగ ఇవి. సూర్యాపేట, నల్లగొండ జిల్లాల ప్రతి పోలీస్ స్టేషన్‌ల ఫారం-2ను తెలుగుల అచ్చువేసి బాధితుడి చేతికియ్యాలె, లంబాడీ, ఎరుకల మాట్లాడే ముసలోళ్లకు వాళ్ల భాషల చదివి చెప్పాలె. 2022 ఏప్రిల్ నుంచి రెండు జిల్లాల్లో ఎన్ని గుద్ది పారిపోయిన కేసులు నమోదైనయి, ఎన్ని దరఖాస్తులు వచ్చినయి, ఎంత మందికి పైసలు ముట్టినయి అనేది కలెక్టర్లు బయట పెట్టాలె. న్యాయసేవాధికార సంస్థ శిబిరాలు మండల కేంద్రంలనే ఆగకుండ తండాలకు రావాలె. తండా తొవ్వలు జాతీయ రహదారిని కలిసే ప్రతి చోట లైటు, జీబ్రా గీతలు, స్పీడ్ తగ్గించే ఏర్పాటు ఉండాలె.

డిమాండ్లు సర్కారుకు. పని మాత్రం మనకు. డిగ్రీలు చదివినం, ఫోన్లు ఉన్నయి. మన యాడి, బాపు దవాఖాన కౌంటర్ ముందు, స్టేషన్ బల్ల ముందు తెలుగుల గట్టిగ మాట్లాడలేక నిలబడతరు. ఆ పక్కన మనం నిలబడాలె. ప్రతి తండాకు ఇద్దరు, ఒక తమ్ముడు, ఒక చెల్లె, ఈ బాధ్యత తీసుకోవాలె. ప్రమాదం జరిగితే ముందు 108కు ఫోన్, హైవే మీదైతే 1033. బండి నంబరు ఫోటో. జాగ ఫోటో. చూసినోళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు. దవాఖానల మెడికో-లీగల్ కేసు అని రాయించుడు. ఎఫ్ఐఆర్ కాపీ, అది ఫిర్యాదు చేసినోళ్లకు ఉచితంగ ఇయ్యాల్సిందే. ప్రతి మందుల బిల్లు, ప్రతి ఎక్స్‌రే, ప్రతి ఆటో కిరాయి ఒక ఫైల్ల. డిశ్చార్జ్ అయిన వారంల న్యాయసేవాధికార సంస్థల దరఖాస్తు. ఇంతకంటె పెద్ద పని లేదు. గాయపడ్డ మనిషిని దవాఖానకు తీసుకపోయినోళ్లను పోలీసులు సతాయించొద్దని కూడా 134ఎ సెక్షన్ చెప్తది, కాబట్టి భయపడి పక్కకు తప్పుకోవద్దు.

మన ఉద్యమం భూమి కోసం, పోడు పట్టాల కోసం, రిజర్వేషన్ల కోసం మాట్లాడుతది. ఇది కూడా ఆ కొట్లాటల భాగమే. భూమి లేనోడికి కాళ్లు చేతులే భూమి. ఆ భూమిని యాభై వేలకు రాయించుకొని పోతుంటే మనం సాక్షి సంతకాలు పెట్టొద్దు.

ఈ వారం ఒక్క పని చేద్దాం. మీ తండాల గత మూడేండ్లల్ల రోడ్డు మీద నడుస్తుంటే బండి గుద్ది మంచాన పడ్డోళ్లు ఎవరున్నరో ఇల్లిల్లు తిరిగి రాసుకోండి. పేరు, తేదీ, ఎఫ్ఐఆర్ ఉన్నదా లేదా, పైసలు ఎంత ముట్టినయి. వాళ్ల పేర్లు, వివరాలు ఈడ కామెంట్లల్ల పెట్టకండి, అది వాళ్ల సొంత విషయం. ఆ కాగితం తీసుకొని, ఆ ఇంటోళ్లను వెంటబెట్టుకొని, సూర్యాపేటకైనా, కోదాడకైనా, మిర్యాలగూడకైనా న్యాయసేవా కమిటీకి పోదాం. ఎంత మందికి దారి దొరికితే అంత మందికి.

జై ఆదివాసీ! జై సేవాలాల్! జై భీమ్!